పుంజా, పెట్టా? పన్నెండు వారాల చూపు

గంప ఎత్తగానే పన్నెండు పిల్లలూ పెరడంతా చెల్లాచెదురుగా పరుగెత్తాయి. గుడ్డు పగిలి నెలన్నర దాటింది. పక్కింటి పిన్నిగారు నూకలు చల్లి వాటిని మళ్లీ దగ్గరకు చేర్చి, "వీటిలో పెట్టలేవో చెప్పమ్మా. అయిదు ఉంచుకుని మిగతావి ఆదివారం సంతకు పంపేస్తాను. మనవడికి రోజూ ఓ గుడ్డు పెట్టమన్నారు డాక్టరుగారు" అన్నారు. నేను ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని చూశాను. నెత్తిమీద జుట్టు లేచి ఎర్రబడుతున్నవన్నీ పుంజులన్నాను. జుట్టు నెత్తికి అతుక్కుని చిన్నగా ఉన్నవి పెట్టలన్నాను. పది నిమిషాల్లో తేల్చేశాను.

ఆవిడ ఉంచుకున్న అయిదింటిలో మూడు నాలుగో నెలకే కూశాయి. నేను పుంజులని అమ్మించినవాటిలో రెండు మా వీధి చివర ఇంటికే చేరాయి. అవి ఆరో నెల నిండగానే గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. పిన్నిగారు నన్ను ఒక్క మాట అనలేదు. మనవడికి గుడ్లు మాత్రం కొట్లో కొన్నారు. ఆ మౌనం నాకు చాలాకాలం గుచ్చుకుంది. ఆ రోజు ఎక్కడ తప్పానో తెలుసుకోవాలని తర్వాత ప్రతి పొదుగుకూ పిల్లల కాళ్లకు గుర్తులు పెట్టి, నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. అలా నేర్చుకున్నదే ఈ అధ్యాయం.

నాటుకోళ్లు పెంచేవాళ్లు చాలామంది అడిగేది ఒక్కటే: మొదటిరోజే చెప్పే గుర్తు ఏదైనా ఉందా? హేచరీ వాళ్లకు ఉంది. మన పెరట్లో కలగలుపు పిల్లలకు దాదాపు లేదు. ఎందుకు లేదో అర్థమైతే సగం తప్పులు ఆగిపోతాయి. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

మనుషుల్లోనూ ఆవుల్లోనూ పుట్టేది ఆడో మగో తండ్రి వైపునుంచి తేలుతుంది. కోళ్లలో తల్లి వైపునుంచి. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు ఉంటాయి. పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ. తల్లి ఏ గుడ్డులో జెడ్ పెడితే అందులోంచి పుంజు, డబ్ల్యూ పెడితే పెట్ట. దీన్నిబట్టి ఒక విచిత్రం జరుగుతుంది. కొడుక్కి ఒక జెడ్ తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి వస్తుంది. కూతురికి ఉన్న ఒక్క జెడ్డూ తండ్రిదే. కాబట్టి ఆ క్రోమోజోము మీద రాసి ఉన్న రంగులూ చారలూ ఏవైనా సరే, కూతురు తండ్రి పోలికే. తల్లి పోలిక కొడుక్కే వస్తుంది.

కేంబ్రిడ్జి శాస్త్రవేత్త పన్నెట్ పట్టుకున్నది ఈ కిటుకునే. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో తిండిగింజలకు కొరత వచ్చింది. గుడ్లు పెట్టని పుంజులకు నెలల తరబడి మేత వేసే పరిస్థితి లేదు. తల్లిదండ్రుల రంగులను తెలివిగా జతచేస్తే పిల్ల పుట్టగానే నూగు రంగుచూసి ఆడామగా చెప్పవచ్చని ఆయన చూపించారు. 1923లో ‘హెరెడిటీ ఇన్ పౌల్ట్రీ’ అని పుస్తకం కూడా రాశారు. నేటికీ గుడ్లకోళ్ల పరిశ్రమలో కొంత ఈ సూత్రంమీదే నడుస్తోంది.

ఇది మన పెరట్లో పనిచేసే సందర్భం ఒకటుంది. పెట్ట ఒళ్లంతా నలుపు తెలుపు అడ్డచారలతో ఉండాలి. పుంజు చారలు ఏమాత్రం లేని ఎర్రదో నల్లదో అయి ఉండాలి. ఆ జంటకు పుట్టిన పిల్లలు నల్లని నూగుతో ఉంటే, నడినెత్తిన తెల్లమచ్చ ఉన్నది పుంజు, మచ్చలేనిది పెట్ట. చారల జన్యువు తల్లినుంచి కొడుక్కే వెళ్లింది కదా, ఆ మచ్చ దాని ఆనవాలు. పొట్ట కింద, రెక్క చివర తెలుపు ఇద్దరికీ ఉండవచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. చూడాల్సింది నడినెత్తి మాత్రమే, అదీ మొదటి రెండు మూడు రోజుల్లో. జంట తిరగబడితే, అంటే పుంజుకు చారలుండి పెట్టకు లేకపోతే, ఈ గుర్తుకు విలువ లేదు. చారల పుంజు తన చారలను కొడుక్కీ కూతురికీ కూడా ఇస్తుంది. మొదటి జంట పిల్లలు పెద్దవై వాటికి పుట్టిన పిల్లల్లోనూ ఇది పనికిరాదు.

ఎర్ర పుంజు, తెల్ల పెట్ట కలిస్తే ఎర్రటి పిల్లలు పెట్టలు, తెల్లటివి పుంజులు అని కొందరు గట్టిగా చెబుతారు. అదీ సగం నిజమే. ఆ తెలుపు ‘వెండి’ జన్యువు వల్ల వచ్చినదైతే నిజం. ఒళ్లు తెల్లగా ఉండి మెడమీద నల్ల ఈకలుండే లైట్ ససెక్స్ లాంటి జాతుల్లో ఉండేది అది. గుడ్లకోసం పెంచే వైట్ లెగ్‌హార్న్ తెలుపు వేరు. అది కింద ఉన్న రంగులన్నిటినీ కప్పేసే తెలుపు, ఆడామగా భేదం చూపించదు. చూడటానికి రెండూ తెల్లకోళ్లే. పెరట్లో తిరిగే తెల్లపెట్టది ఏ తెలుపో కంటితో చూసి చెప్పడం కష్టం. ఈ గుర్తును నేను వాడను, మిమ్మల్నీ వాడమనను.

రెక్క విప్పి చూసే పద్ధతి కూడా ఇలాంటిదే. హేచరీలో కొన్ని రకాల పిల్లలకు మొదటిరోజున రెక్కలోని పెద్ద ఈకలు పైవరస చిన్న ఈకలకంటే పొడుగ్గా ఉంటే పెట్ట, రెండూ సమానంగా ఉంటే పుంజు అంటారు. అది చాలావరకు సరైనదే. అయితే ఈకలు త్వరగా వచ్చే తండ్రివరసనూ, ఆలస్యంగా వచ్చే తల్లివరసనూ ఏరికోరి జతచేసినప్పుడే. మన గంపలో పిల్లల రెక్క విప్పితే కనిపించేది వాటి వంశం, లింగం కాదు. ఫోనులో వీడియో చూసి నాటుపిల్లల రెక్కలు సాగదీసేవాళ్లను నేను ఆపుతూనే ఉంటాను.

ఇక వెనకవైపు నొక్కి, లోపలి చిన్న బుడిపె చూసి చెప్పే విద్య ఉంది. 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు మసుయి, హషిమోటో దీన్ని పైకి తెచ్చారు. తర్వాత అక్కడ నేర్చినవాళ్లు ప్రపంచమంతా తిరిగి హేచరీల్లో పనిచేశారు. ఆరితేరిన చెయ్యి గంటకు దాదాపు వెయ్యి పిల్లలను చూసి, నూటికి తొంభై అయిదుకు పైగా సరిగ్గా చెబుతుంది. దానికి నెలల తరబడి శిక్షణ కావాలి. తెలియనివాళ్లు నొక్కితే పిల్ల లోపలి భాగాలు దెబ్బతిని చచ్చిపోతుంది. ఇంట్లో ప్రయత్నించకండి.

గుడ్డు ఆకారం సంగతి కూడా చెప్పాలి. కోలగా, మొన తేలిన గుడ్డులో పెట్ట, గుండ్రని గుడ్డులో పుంజు అని గ్రీకు అరిస్టాటిల్ రాశాడు. తర్వాత రోమన్లు సరిగ్గా దీనికి తలకిందులుగా రాశారు. రెండు వేల ఏళ్లుగా రెండు మాటలూ బతికే ఉన్నాయి. ఉంగరానికి దారంకట్టి గుడ్డుమీద ఊపడం, పిల్లను కాళ్లుపట్టి తలకిందులుగా వేలాడదీసి తల పైకెత్తిందా లేదా అని చూడడం, మెడతోలు పట్టుకుని కాళ్లు ముడుస్తుందా చూడడం కూడా ఈ కోవలోవే. ఇవి ఎందుకు చావవంటే, ఏ పద్ధతైనా ఊరికే సగంసార్లు నిజమవుతుంది. సరిగ్గా చెప్పిన సగాన్ని జనం తరతరాలుగా చెప్పుకుంటారు, తప్పినవి మర్చిపోతారు. మీ ఇంట్లో పెద్దావిడ గుడ్డుచూసి చెబితే వాదించకండి. ఆ గుడ్డుమీద పెన్సిలుతో ఆవిడ చెప్పిన మాట రాసి పెట్టండి. నాలుగైదు పొదుగుల తర్వాత లెక్క మీరే చూసుకోవచ్చు.

మన కోళ్ల కలగలుపు ఎంత లోతుగా ఉందో కూడా చూడాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్ పెరటికోళ్ల కోసం వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది. ఇవి స్వతహాగా సంకరాలే. ఇవి ఊళ్లలోకి వచ్చి నాటుపెట్టలతో, అసీల్ పుంజులతో, అక్కడక్కడ కడక్‌నాథ్‌తో కలిశాయి. పైగా మనం ఒక పొదుగు పెట్ట కింద మూడు నాలుగు పెట్టల గుడ్లు కలిపి పెడతాం. గంప ఒక్కటే, తల్లులు నలుగురు, తండ్రి ఎవరో వీధికే తెలియాలి. పిన్నిగారి గంప సరిగ్గా అలాంటిది. అందులో తెల్ల గుడ్లకోడి పిల్లలూ, అసీల్ పోలిక పిల్లలూ కలిసి ఉన్నాయి.

నా తప్పు అక్కడుంది. గుడ్లజాతి రక్తం ఉన్న పిల్లలకు జుట్టు నిలువుగా, రంపంలా పెరుగుతుంది. పెట్టలకు కూడా అది త్వరగా లేచి రంగు తిరుగుతుంది. అసీల్ రక్తం ఉన్నవాటికి జుట్టు నెత్తికి అతుక్కుని, మూడు వరసల గింజల్లా ఉంటుంది. పుంజుకైనా అది చిన్నదే. నేను ఒక జాతి పెట్టను ఇంకో జాతి పుంజుతో పోల్చాను. జుట్టు పెద్దగా ఉన్న పెట్టలు పుంజులయ్యాయి, జుట్టు చిన్నగా ఉన్న పుంజులు పెట్టలయ్యాయి. చూసిన గుర్తు సరైనదే. పోలిక తప్పింది.

అందుకే ఇప్పుడు నేను మొదట చేసే పని పిల్లలను పుంజులూ పెట్టలూ అని విడదీయడం కాదు, పోలికలనుబట్టి విడదీయడం. జుట్టు నిలువుగా ఉన్నవి ఒక వైపు, గింజల జుట్టువి ఒక వైపు, కడక్‌నాథ్ పోలికతో తోలు నల్లగా ఉన్నవి ఒక వైపు. నల్లతోలు పిల్లల్లో ఎరుపు ఆలస్యంగా, మసకగా కనిపిస్తుంది. వాటిని రంగుతో అసలు తూచకూడదు. ఒక గుంపులోనివాటిని ఆ గుంపులోనే ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి చూడాలి. ఒంటరి పిల్లను చేత్తో పట్టుకుని ఎవరూ ఏదీ గట్టిగా చెప్పలేరు.

ప్రతి పిల్లకూ గుర్తు కావాలి. కాలిగోళ్లకు గోళ్లరంగు వేస్తే చాలు, ఒక్కో పిల్లకు ఒక్కో వేలు. పది రోజులకోసారి మళ్లీ వేయాలి. దారం కట్టేవాళ్లు వారం వారం వదులుచేయాలి. పిల్లకాలు లావెక్కుతుంటే దారం తోలులోకి దిగి, కాలు వాచి కుంటిదైపోతుంది. అలాంటి పిల్లను ఒక్కసారి చూస్తే మీరు మళ్లీ దారం ముట్టుకోరు.

చూసే రోజులను వేరేగా పెట్టుకోనక్కర్లేదు. రాణిఖేత్ రోగానికి మొదటివారంలో ఒకసారి, నాలుగో వారంలో ఒకసారి చుక్కలు వేస్తారు. ఎనిమిది, పది వారాల మధ్య సూదిమందు ఉంటుంది. తేదీలు మీ పశువైద్యుణ్ణి అడిగి పెట్టుకోండి. ఎలాగూ ప్రతి పిల్లనూ చేతిలోకి తీసుకోవాలి కాబట్టి ఆ రోజే చూసి రాసుకోవచ్చు. మొదటివారంలో రాసేది గోళ్లరంగూ, నూగు రంగూ, జుట్టు రకం మాత్రమే. పుంజు, పెట్ట అన్న మాట రాయకండి. రాస్తే తర్వాత కళ్లు ఆ రాతనే చూస్తాయి.

నాలుగో వారానికి ఈకలు కొంత మాట్లాడతాయి. ఒకే పోలిక పిల్లల్లో తోక ఈకలు ముందు తేలినవి, వీపు, భుజాలు ముందు కప్పుకున్నవి పెట్టల వైపు మొగ్గుతాయి. తోక మొండిగా, భుజాలు బోడిగా ఉండి, కాళ్లు లావుగా ఉన్నవి పుంజుల వైపు. ఇది మొగ్గు మాత్రమే. నోటుబుక్కులో పెన్సిలుతో రాయాలి.

ఆరు వారాలనుంచి ఎనిమిది వారాల దాకా జుట్టు చూడాలి. నిలువు జుట్టు పిల్లల్లో మొదలు వెడల్పై, రంగు గులాబీనుంచి ఎరుపుకు తిరిగి, గడ్డం కింద తోలుకూడా ఎర్రబడుతుంటే పుంజు అనుకోవచ్చు. పసుపు రంగులో, సన్నగా ఉంటే పెట్ట. గింజల జుట్టువాటిలో పొడుగు చూడకూడదు, వెడల్పూ రంగూ చూడాలి. పుంజుకు మూడు వరసలూ స్పష్టంగా విడివడి ఎర్రబడతాయి, పెట్టకు మధ్య వరసొక్కటే సన్నగా కనిపిస్తుంది. ఇదే వయసులో రంగు కూడా సాయపడుతుంది. ఈకల మీద రంగు సమంగా, గోధుమ చుక్కలతో పరుచుకుంటే పెట్ట కావచ్చు. భుజంమీద ఎరుపో మెరుపో ముద్దలా, అతుకు వేసినట్టు దిగితే పుంజు. పందెంరాయుళ్లు డేగ, కాకి, నెమలి, సేతు అని పుంజులకు పెట్టిన పేర్లన్నీ పూర్తి ఈక దిగాక కనిపించే రంగులవే. పిల్ల నూగుచూసి వాళ్లూ పేరు పెట్టరు.

నడక, ధైర్యం, కొట్లాట చూసి చెప్పేవాళ్లున్నారు. రొమ్ములు గుద్దుకుని ఆడుకోవడం పెట్టపిల్లలూ చేస్తాయి. అసీల్ రక్తం ఉన్న పెట్టైతే మెడ నిక్కించి పుంజులాగే నిలబడుతుంది. వీటిని నేను రాసుకోను.

పది వారాలనుంచి పన్నెండు వారాల మధ్య అసలు సాక్ష్యం వస్తుంది. నడుముమీద, తోక మొదట్లో రెండు పక్కలా జారే ఈకలను వేలితో విప్పి చూడండి. పుంజుకు అక్కడ సన్నగా, మొన తేలి, మెరిసే ఈకలు కొత్తగా దిగుతాయి. పెట్టకు అక్కడా మెడమీదా ఈకల కొసలు గుండ్రంగానే ఉంటాయి. జుట్టులాగా ఇది జాతినిబట్టి మోసం చేయదు. అసీల్ పోలికైనా, కడక్‌నాథ్ పోలికైనా, గుడ్లజాతి పోలికైనా మొన ఈక పుంజుదే. ఈకలు ఆలస్యంగా వచ్చే పిల్లలకు ఇంకో రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఆ రోజు పిన్నిగారి పెరట్లో నాకు ఈ ఒక్క గుర్తు తెలిసి, ఇంకో నెల ఆగమని చెప్పి ఉంటే ఆ అయిదూ పెట్టలే అయ్యేవి.

ఎవరైనా అడిగినప్పుడు ‘ఇప్పుడే తెలియదు’ అనడానికి మనకు నోరు రాదు. తెలిసినవాళ్లమని నమ్మి అడిగారు కదా అనిపిస్తుంది. నేనిప్పుడు మూడు వరసలు రాస్తాను: పుంజు, పెట్ట, తేలలేదు. ఎనిమిదో వారంలో పన్నెండింటికి నాలుగు మూడో వరసలో ఉన్నా నాకు చింత లేదు. అడిగినవాళ్లకు ఆ మూడో వరస చూపించి, ఏ తేదీన మళ్లీ చూస్తానో చెబుతాను. తేదీ చెబితే ఎవరూ నొచ్చుకోరు.

ఎన్ని గుడ్లు పొదగవేయాలో కూడా ఈ అనిశ్చితిని లెక్కవేసుకునే నిర్ణయించుకోవాలి. పన్నెండు పిల్లలు లేస్తే ఆరు పుంజులు, ఆరు పెట్టలు అనుకుంటాం. సరిగ్గా అలా రావడం నాలుగైదుసార్లకు ఒకసారే. కనీసం నాలుగు పెట్టలు రావడానికి మాత్రం నూటికి తొంభై మూడు వంతుల అవకాశం ఉంది. కాబట్టి నాలుగు పెట్టలు చాలనుకునే ఇంటికి పన్నెండు పిల్లలు ధైర్యమిస్తాయి. గద్ద, పిల్లి, రోగం తీసుకుపోయేవాటిని ఇందులో కలపలేదు, వాటికి మీ ఊరి అనుభవంతో ఒకటి రెండు గుడ్లు ఎక్కువ వేసుకోండి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు, మిగిలిన పుంజులను పెంచి అమ్ముకోవచ్చు. గుడ్లజాతి హేచరీల్లో పుంజుపిల్లకు ధర లేక పుట్టినరోజే చంపేస్తారు. జర్మనీ 2022నుంచి ఆ పనిని నిషేధించి, గుడ్డులో ఉండగానే లింగం తేల్చే యంత్రాలవైపు వెళ్లింది. మన పెరటిపుంజుకు ఆ గతి లేదు. నాలుగు నెలలు పెంచితే దాని ధర అదే తెచ్చుకుంటుంది. పన్నెండు వారాలు ఆగడంవల్ల పోయేది కొంచెం మేతే.

మీ గంపలో ఇప్పుడు పిల్లలుంటే ఈ సాయంత్రం అవి గంపలో సర్దుకున్నాక ఒక్కోదాన్ని తీసి గోళ్లకు రంగువేయండి. గుడ్డు పగిలిన తేదీ గోడమీది క్యాలెండరులో రాసి, పన్నెండో వారం ఎక్కడ పడుతుందో అక్కడ సున్నా చుట్టండి. ఆ తేదీ దాకా పుంజని చెప్పి ఏ పిల్లనూ సంతకు పంపకండి.